ఊరికొక్క తావు

"సంతకం పెట్టినావంటే నేను ఈ ఇంట్లో ఉండను," అంది అంజనమ్మ.

రామలింగప్ప మగ్గం గుంతలో కాళ్ళు దించుకుని కూర్చున్నాడు కాని, పొద్దున్నుంచి పేక నూలు పోసే నాడెను ముట్టలేదు. సగం నేసిన చీర మీద కర్నూలు కాగితం పరచి ఉంది. దాని అడుగున పెద్దవాళ్ళ సంతకానికని ఒక గీత ఉంది. ఆ గీత మీదికి చూపు పోయినప్పుడల్లా ఆయన మెడ రుద్దుకుంటున్నాడు.

"ఉండకుంటే యాడికి పోతావు?" అన్నాడు చివరికి.

"ఆదోనిలో మా అన్న లేడా? ఆడికి పోతా. కన్నకొడుకును మగ్గంలో కూర్చోబెట్టి, తమ్ముని కొడుకును కాలేజీకి తోలే మొగునితో నేను యాగలేనని చెప్తా."

"మెల్లగా మాట్లాడు. సుబ్బక్క ఇంటాది."

"ఇననీ."

సుబ్బక్క వింటూనే ఉంది. గోడకు అవతల నడవలో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నది. ఇక్కడ మాట పెరిగినప్పుడల్లా అక్కడ రాట్నం ఆగుతున్నది. మాట తగ్గాక మళ్ళీ తిరుగుతున్నది. ఆమె భర్త, రామలింగప్ప తమ్ముడు, పోయి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో ఆమె తోడికోడలికి ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. అంజనమ్మకు ఒళ్ళు మండేది అక్కడే. ఎదురు చెబితే తనూ నాలుగు మాటలని కడుపులో మంట తీర్చుకునేది. ఊరికే ఉండే మనిషితో ఏం పోట్లాడుతుంది?

కర్నూల్లో కులస్థుల సంఘంవారు నడిపే ఉచిత హాస్టలు నుంచి వచ్చిన కాగితం అది. అక్కడ ఊరికొక్క తావు. ఎమ్మిగనూరు తావు సుబ్బక్క కొడుకు చౌడప్పకు ఇచ్చారు. చౌడప్ప చేరకపోతే రెండో పేరు అంజనమ్మ కొడుకు గిడ్డయ్యది. గురువారం పొద్దున పదిగంటల లోపల ఇద్దరిలో ఎవరో ఒకరు కాగితంతో వచ్చి చేరకపోతే ఆ తావు ఇంకో ఊరికి పోతుంది.

ఇవాళ బుధవారం.

కాలేజీ సీటుకు కరువు లేదు. కర్నూలు కాలేజీవారు ఇద్దరినీ చేర్చుకుంటామన్నారు. తల దాచుకునే చోటే లేదు. కర్నూలు రాజధాని అయినప్పటినుంచి సర్కారు గుమాస్తాలే డేరాల్లో కాపురాలు చేస్తున్నారు. మగ్గం ఇంటి పిల్లవాడికి గది ఎవరిస్తారు? హాస్టలుంటే చదువు, లేకపోతే నేత. అంతే.

"వానికి మద్రాసు ఉండాది," అంది అంజనమ్మ గొంతు తగ్గించి. "అనంతపురం ఉండాది. మనోనికి ఇదొక్కటే ఉండాది. అదీ వానికే కావల్లనా?"

"అనంతపురంలో సీటిచ్చినారు గాని హాస్టలు లేదన్నారు. మద్రాసు కాలేజీకి హాస్టలుండాది గాని ఆ జాబు ఇంకా రానేలేదు. వానికి తండ్రి లేడు, అంజనా. నేను సంతకం పెట్టకుంటే ఊరు నన్నేమంటాది?"

"ఊరా! ఊరు నిన్నేమంటాదో చూసుకుంటాండావు. నీ కొడుకు నిన్నేమనుకుంటాడో చూసుకో."

ఆ మాట అనేసి అంజనమ్మ వాకిట్లోకి వచ్చింది.

వీధిలో పొడుగునా పడుగు సాగదీసి ఉంది. ఆ కొసన చౌడప్ప, ఈ కొసన గిడ్డయ్య నూలుకు గంజి పట్టిస్తున్నారు. ఒకరివైపొకరు నడుచుకుంటూ వచ్చి, నడుమ కలిసి, మాటా పలుకూ లేకుండా వెనక్కి తిరిగిపోతున్నారు. నిన్న తపాలా వచ్చినప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. పదహారేళ్ళలో ఇంత సేపు మాట్లాడుకోకుండా ఉండటం ఇదే మొదలు.

చౌడప్ప అన్నది మామగారి పేరు. మొదట పుట్టే మనవడికి ఆ పేరని ఇంట్లో అందరూ అనుకున్నదే. పెద్దకోడలు అంజనమ్మ ఆరేళ్ళు ఎదురు చూసింది. ఆఖరికి తోడికోడళ్ళిద్దరికీ ఒకే ఏడు కడుపు పండింది. మూడు నెలలు ముందు సుబ్బక్క ప్రసవించింది. పేరు ఆ పిల్లవాడికి పోయింది.

అక్కడితో అయిందా? గిడ్డయ్య పుట్టిన నెలకు సుబ్బక్కకు విషజ్వరం వచ్చి పాలు ఆగిపోయాయి. నాలుగు నెలలు ఇద్దరు పిల్లలకూ అంజనమ్మే పాలిచ్చింది. చౌడప్ప గట్టి పిండం. వాడికే ముందు కావాలి, వాడి ఏడుపే ముందు వినబడేది. వాడి కడుపు నిండాక మిగిలినవి గిడ్డయ్యకు. తన బిడ్డకు రావలసిందేదో ఆనాడే ఆ పాలతో పాటు పోయిందని ఈ మధ్య అంజనమ్మకు తోస్తున్నది. అది తప్పు ఆలోచనని ఆమెకు తెలుసు. తెలిసినా పొయ్యి ముందు కూర్చుంటే అదే వచ్చేది.

ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాలు వచ్చిన రోజు నేతగాళ్ళ సొసైటీ వాళ్ళు చౌడప్పను బల్ల మీద నిలబెట్టి దండ వేశారు. జిల్లా మొత్తానికి మూడోవాడట. మరునాడు బావి దగ్గర ఆడవాళ్ళు, "చౌడప్ప పెద్దమ్మ వచ్చింది, దోవ ఇయ్యండి," అన్నారు. పదహారేళ్ళు గిడ్డయ్య తల్లిగా బతికిన మనిషి ఒక్క రాత్రిలో చౌడప్ప పెద్దమ్మ అయిపోయింది. గిడ్డయ్య కూడా పాసయ్యాడా అని ఎవరూ అడగలేదు. తానే చెప్పుకోవలసి వచ్చింది.

బడికి పోతూ వెంకటేశ్వర్లు మాస్టారు వాకిట్లో ఆగాడు. ఇద్దరి దరఖాస్తులూ దగ్గర కూర్చుని రాయించింది ఆయనే.

"రామలింగప్పా, సంతకం అయిందా? మూడుగంటల బస్సుకు పోతేనే రాత్రికి కర్నూలు చేరేది."

రామలింగప్ప లేచి బయటికి వచ్చాడు. అంజనమ్మ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది.

"అయివారూ, ఒక మాట అడుగుతా. కోపం చేసుకోవద్దండి."

"అడుగమ్మా."

"చౌడప్పతో ఎన్ని కాగితాలు రాయించినారు?"

"మూడు. మద్రాసుకు, అనంతపురానికి, కర్నూలుకు."

"మా గిడ్డయ్యతో?"

"ఒకటి. కర్నూలుకు."

"యాల అట్ల?"

మాస్టారు గొడుగు ముడిచి చంకలో పెట్టుకున్నాడు. "మంచి మార్కులు వచ్చినవానికే అమ్మా ఈ తిప్పలు. పెద్ద కాలేజీ ఆశ పెడుతుంది. ఆఖరు రోజుకు లేదు పొమ్మంటుంది. మద్రాసు ఇప్పుడు మన రాష్ట్రం కాదు. మన పిల్లలకు ఎన్ని సీట్లిస్తారో వాళ్ళ ఇష్టం. దాన్నే నమ్ముకుని ఏడాది పోగొట్టుకున్న పిల్లోళ్ళను నేను చూసినాను. అందుకని, నువ్వు కోరేది ఒకటి రాయి, దానికి తక్కువది ఒకటి రాయి, ఏమైనా సరే చేతిలోనుంచి జారిపోనిది ఒకటి రాయి అని చెప్పినాను."

"ఆ జారిపోనిదే మావానికి ఉండేది, అయివారూ."

మాస్టారు చంకలోని గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"వానికి అది కింది మెట్టు," అంది అంజనమ్మ. "మావానికి అదే మిద్దె. పైనుంచి పడితే కాళ్ళు ఆనేకని వాడు దాన్ని పట్టుకోని ఉండాడు. మావాడు యాడ నిలబడల్ల?"

పడుగు దగ్గర ఇద్దరు పిల్లల చేతులూ ఆగిపోయాయి. గంజి బొట్లు బొట్లుగా మట్టిలోకి కారుతున్నది.

"రెండు కాగితాలూ ఒకే పూట, ఒకే బల్ల మీద రాయించినాను," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. "ఒకని దోవకు ఒకడు అడ్డం వస్తాడని ఆ పొద్దు నాకు తోచలేదమ్మా. తోచి ఉండాల్సింది. తప్పు నాదే."

అంజనమ్మ దీనికి సిద్ధంగా లేదు. ఆయన వాదిస్తాడనుకుంది. తప్పు ఒప్పుకున్న మనిషిని ఇంకేమని నిలదీయాలి?

"అయినా చౌడప్పను మానుకోమని మాత్రం నేను చెప్పలేను," అన్నాడు మాస్టారు. "మద్రాసు జాబు రాకపోతే, ఈ హాస్టలూ వదిలితే, జిల్లాలో మూడోవాడుగా వచ్చినవాడు మగ్గంలో కూర్చోవాల. రామలింగప్పా, నువ్వే ఆలోచించు."

"పన్నెండు గంటలకు తపాలా వస్తాది," అన్నాడు రామలింగప్ప, కొడుకు వైపు గాని తమ్ముని కొడుకు వైపు గాని చూడకుండా. "అంతవరకూ చూస్తా. సీటు వస్తే గిడ్డయ్య. రాకుంటే చౌడప్ప. ఇంక నన్నెవరూ ఏమీ అడగొద్దు."

మాస్టారు వెళ్ళిపోయాడు. సుబ్బక్క నడవలోనుంచి ఒక్కసారి తొంగి చూసి మళ్ళీ రాట్నం ముందు కూర్చుంది.

పదకొండుకే సంగటి వడ్డించింది అంజనమ్మ. ఇద్దరు పిల్లలూ పక్కపక్కనే కూర్చున్నారు. ఎప్పటిలాగే ముందు చౌడప్పకు వేసింది. నెయ్యి కూడా వాడికే ఒక చుక్క ఎక్కువ. తండ్రి లేని బిడ్డకు తక్కువ చేసిందని వేలు చూపే సందు ఆమె ఎవరికీ ఇవ్వలేదు. ఆ ఎక్కువ చుక్క పడేటప్పుడు చెయ్యి ఎంత బరువయ్యేదో ఆమెకే తెలుసు.

"చాలు పెద్దమ్మా," అన్నాడు చౌడప్ప.

"తిను. మద్రాసులో నెయ్యి ఎవరేస్తారు?"

మాట మామూలుగానే వచ్చింది. చౌడప్ప మాత్రం తల వంచుకున్నాడు. గిడ్డయ్య సగం ముద్ద వదిలేసి చెయ్యి కడుక్కున్నాడు.

పోస్టుమాన్ దాసన్న సైకిలు గంట వీధి మలుపులోనే వినిపించింది. రామలింగప్ప గుంతలోనుంచి లేవలేదు. సుబ్బక్క నడవ గుమ్మంలో నిలబడింది. అంజనమ్మ చేతిలో చెంబుతో వాకిట్లోకి వచ్చింది, నీళ్ళు చల్లడానికి అన్నట్టు.

"చౌడప్పా! మద్రాసు నుంచి!" అని దాసన్న నవ్వుతూ పొడుగాటి కవరు చేతికిచ్చాడు. "మంచిదైతే మాకేమన్నా పెట్టల్ల సుమా." సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

చౌడప్ప లోపలికి వచ్చి, మగ్గం పక్కన వెలుతురు పడే చోట నిలబడి కవరు చించాడు. ఒకటే కాగితం. ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. వాడి కళ్ళు ఒక వరుసనుంచి ఇంకో వరుసకు దిగుతున్నాయి. అంజనమ్మ వాడి నోటివైపే చూస్తున్నది. రావాలని కోరుకోవలసిన మనిషి తనే. వాడికి మద్రాసు వస్తేనే గిడ్డయ్యకు కర్నూలు. అయినా లోపల ఎక్కడో, అందరికంటే పైకెక్కినవాడు ఒక్కసారైనా జారితే చూడాలని ఒక చిన్న ఆశ తల ఎత్తింది. దాన్ని ఆమె అణచలేదు. అణచాలనే తోచలేదు.

చౌడప్ప తలెత్తాడు. పెద్దమ్మ కళ్ళల్లోకి సూటిగా చూశాడు.

"వచ్చింది," అన్నాడు. "సీటిచ్చినారు."

సుబ్బక్క గుమ్మంలోనే రెండు చేతులూ జోడించింది. రామలింగప్ప గుంతలోనుంచి ఎలా లేచాడో, రెండంగల్లో గిడ్డయ్య దగ్గరికి పోయి వాణ్ణి రెండు భుజాలూ పట్టుకుని ఊపాడు. "ఇంగ నీకు అడ్డం లేదు రా! పెట్టె సర్దుకో!" అని, మళ్ళీ జ్ఞాపకం వచ్చినట్టు, చౌడప్ప వీపు మీద చెయ్యి వేశాడు. "నా తమ్ముడు ఉండింటే..." అని ఆగిపోయాడు.

హాస్టలు తావు తనకు అక్కర్లేదని, అది గిడ్డయ్యకు ఇవ్వవలసిందని చౌడప్పే ఇంగ్లీషులో రాసిచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క కొట్టివేత లేదు. రామలింగప్ప దాని కింద సంతకం పెట్టాడు. పొద్దున్నుంచి సాగని చెయ్యి ఇప్పుడు గబగబా సాగింది.

అంజనమ్మకు ఇప్పుడు సంతోషంగా ఉండాలి. కొడుకు పెట్టెలో రెండు పంచెలు, దుప్పటి, అద్దం సర్దింది. సద్ది మూట కట్టింది. మధ్యలో ఒక్కసారి చేతులు ఆగాయి. మద్రాసు! ఇన్నాళ్ళూ జిల్లా మెచ్చినవాడు. రేపటినుంచి మద్రాసు కాలేజీలో చదివేవాడు. గిడ్డయ్య కర్నూలు పోయినా, "చౌడప్ప వదిలిపెట్టిన తావులో ఉండాడంట," అంటారు. కోటు తొడుక్కుని బస్సు దిగే చౌడప్ప ముందర తన బిడ్డ ఎన్నేళ్ళు చదివినా రెండో పేరే.

సుబ్బక్క గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో ఇన్నాళ్ళూ లేని వెలుగు. "అక్కా, జాబు దేవుని గూట్లో చౌడమ్మ పటం కాడ పెట్టినా. అయివారిని పిలుచుకోని వస్తా. ఆయన కళ్ళతో చూస్తే సంబరపడతాడు."

"పో," అంది అంజనమ్మ.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఆగి, పటం దగ్గరినుంచి కాగితం తీసుకుంది. దానిమీద అప్పుడే కుంకుమ బొట్టు కూడా పెట్టింది సుబ్బక్క. గిడ్డయ్య లోపలి గదిలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఇది చదివి చెప్పు."

"యాల అమ్మా? సీటిచ్చినారని చెప్పినాడు కదా."

"ఏమని పొగిడినారో నాకూ తెలియల్ల. చదువు."

గిడ్డయ్య కాగితం అందుకున్నాడు. మొదటి వరుస చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు.

"ఏమైంది రా?"

"అమ్మా... సీటు రాలేదు."

"ఏమి?"

"చింతిస్తున్నామని ఉండాది. బయటి రాష్ట్రాల పిల్లోళ్ళకు పెట్టిన సీట్లు నిండిపోయినాయంట. పేరు రాసి పెట్టుకున్నారంట. ఎవరన్నా మానుకుంటే పిలుస్తారంట. అంతే."

అంజనమ్మకు ముందుగా వచ్చింది సంతోషమే. మద్రాసు వాణ్ణి వద్దంది! అంత చదివినవాణ్ణి వద్దంది! ఆ సంతోషం ఒక్క నిమిషం కూడా నిలవలేదు. వాడు అబద్ధం చెప్పాడు. చెప్పి, ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్న ఒక్క తావూ రాసిచ్చేశాడు. ఎవరికోసం? గిడ్డయ్యకోసం. అంటే దీనిలో కూడా వాడే పైన నిలబడ్డాడు. సుబ్బక్క ఏం నోము నోచి కన్నది ఈ బిడ్డను?

"వాణ్ణే అడిగి వస్తా," అని కాగితం తల్లి చేతిలో పెట్టి గిడ్డయ్య పెరటివైపు నడిచాడు.

"ఆగు రా!"

వాడు ఆగలేదు. అంజనమ్మ పెరటి తలుపు వెనక నిలబడిపోయింది. బయట చౌడప్ప గంజి చట్టి తోముతున్నాడు.

"యాల అబద్ధం చెప్తివి?" అన్నాడు గిడ్డయ్య. నిన్నటినుంచి ఇద్దరి మధ్యా ఇదే మొదటి మాట.

"ఏం అబద్ధం?"

"జాబు చదివినా."

చట్టి మీద చెయ్యి ఆగింది.

"నాకోసరమా?" గిడ్డయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. "నాకు నీ దానం అక్కర్లేదు."

"నీకోసరమని చెప్పుకుంటే బాగుంటాది. అది కాదులే." చౌడప్ప చట్టిలో నీళ్ళు ఒంపేశాడు. "చదివి తలెత్తినా. మీ అమ్మ నా నోటిపక్కే చూస్తాండె. రాలేదని నా నోట ఇనల్లని కాచుకోని ఉన్నట్లుండె. ఆయమ్మ ముందర ఆ మాట చెప్పలేకపోతి రా. వచ్చిందని నోటికి వచ్చేసె."

తలుపు వెనక అంజనమ్మ వింటున్నది.

"మళ్ళ చెప్పొచ్చు కదా?"

"చెప్దామనే అనుకుంటి. అంతలో పెదనాయన లేచి నిన్ను అట్ల పట్టుకునె. మా నాయన ఉండింటే నన్నూ అట్లనే పట్టుకుంటాండె కదా అనిపించె. కుళ్ళు పుట్టె నాకు నీ మీద. జిల్లాకు మూడోవాడైతే ఏం ఉండాది? పెదనాయన మొగం చూసినంక వెనక్కి తీసుకోలేకపోతి."

"నేను పోను. ఇప్పుడే నాయనతో చెప్తా."

"చెప్పినావంటే నేను ఈ ఊర్లో తలెత్తలేను. మద్రాసు వాండ్లు రానియ్యలేదు సరే, అబద్ధాలకోరని కూడా అనిపించుకోవల్లనా? పో రా. వాండ్లు పిలుస్తారేమో. ఆ కాలేజీ తెరిచేకి ఇంకా నాలుగు వారాలుండాది."

"పిలవకుంటే?"

చౌడప్ప చట్టి బోర్లించి లేచాడు.

"గిడ్డయ్యా! బస్సుకు టైమైంది!" వాకిట్లోనుంచి రామలింగప్ప కేక.

గిడ్డయ్య తిరిగి చూస్తే తలుపు దగ్గర తల్లి. ఆమె అంతా విన్నదని వాడికి అర్థమైంది. చౌడప్పకూ అర్థమైంది.

"అమ్మా, ఏం చేయమంటావు?" అన్నాడు గిడ్డయ్య. చిన్నప్పుడు బడిలో దెబ్బలు తిని వచ్చి అడిగినట్టే అడిగాడు.

వద్దని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. తెరిచినప్పుడు ఆ మాటే ఉంది నోట్లో. దాని వెనకే బావి దగ్గరి ఆడవాళ్ళు, బల్ల మీద దండ, మామగారి పేరు, ఈ పదహారేళ్ళూ వచ్చి నిలబడ్డాయి. ఇప్పుడు ఆపితే ఈ బిడ్డ ఇంకెన్నడూ బస్సెక్కడు.

"పో," అంది. "బస్సు పోతాది."

గిడ్డయ్య ఆమె కాళ్ళకు మొక్కలేదు. పెట్టె ఎత్తుకుని తండ్రి వెనకాల నడిచాడు. వీధి చివరిదాకా ఒక్కసారైనా తిరిగి చూడలేదు.

చౌడప్ప పెరట్లోనుంచి లోపలికి వచ్చాడు. అంజనమ్మ చేతిలో ఉన్న కాగితాన్ని చూశాడు. అడగలేదు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నడుము దగ్గర చీరలో దోపుకుంది.

"పెద్దమ్మా," అన్నాడు వాడు, "మా అమ్మకు మటుకు చెప్పొద్దు."

ఆమె వాడి మొహంలోకి చూసింది. తన పాలు తాగిన బిడ్డ ఈ పదహారేళ్ళలో తనను అడిగిన మొదటి సాయం అది.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. సుబ్బక్క వెనకాల వెంకటేశ్వర్లు మాస్టారు వచ్చాడు. ఎండలో గబగబా నడిచి వచ్చినందుకు రొప్పుతున్నాడు, ముఖమంతా నవ్వు.

"ఏడీ మద్రాసు విద్యార్థి? నాకు ముందు ఆ జాబు చూపించండి. ఏ తేదీకి చేరమన్నారో, ఎంత ఫీజు పంపమన్నారో చూడాల. ఒక్క రోజు తప్పినా వాళ్ళు ఊరుకోరు."

"ఇస్తా అయివారూ, కూర్చోండి," అని సుబ్బక్క పటం దగ్గరికి పోయింది. పటం వెనక చూసింది. కింద చూసింది. పసుపు గిన్నె జరిపి చూసింది.

"ఈడనే పెడితినే... చౌడప్పా, నువ్వు తీసినావా?"

చౌడప్ప నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. మాస్టారు నవ్వు కొంచెం తగ్గింది. ఆయన పిల్లవాడి మొహం చూశాడు, ఆ తర్వాత అంజనమ్మ మొహం చూశాడు.

ఊరి చివర సంతపేట దగ్గర, గిడ్డయ్య ఎక్కే కర్నూలు బస్సు హారను మోగింది. అక్కడ అది పావుగంట ఆగుతుంది. ఎవరైనా పరుగెత్తితే అందుకోవచ్చు.

"అక్కా," అంది సుబ్బక్క, "ఆ జాబు నువ్వేమన్నా చూస్తివా?"

అంజనమ్మ చెయ్యి తనంతట తానే నడుము మీదికి పోయింది. కాగితం మడత వేళ్ళకు తగిలింది.

"చూసినా," అంది ఆమె.

బస్సు రెండోసారి హారను కొట్టింది. సుబ్బక్క చెయ్యి చాచి నిలబడే ఉంది.